వన్‌వే కిరాయి: తిరుగు ప్రయాణం ఎవరి ఖాతాలో?

సంక్రాంతికి రెండు రోజుల ముందు ఎల్బీ నగర్‌లో నిలబడి విజయవాడకు డిజైర్ కారు మాట్లాడబోతే, డ్రైవర్ చెప్పే రేటుకి పండగే వద్దనిపిస్తుంది. అదే రోజు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హైదరాబాద్ వెళ్లే మనిషి అదే బండిని అడిగితే, డ్రైవర్ బేరం కూడా ఆడకుండా ఎక్కించుకుంటాడు. రోడ్డు ఒకటే, దూరం ఒకటే, దాదాపు 275 కిలోమీటర్లు. డీజిల్ ధరలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి రేటులో అంత తేడా ఎందుకు? ‘పండగ దోపిడీ’ అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. దోపిడీ లేదని ఎవరూ అనరు. కాకపోతే అందులో దోపిడీ ఎంత, అసలు ఖర్చు ఎంత అన్నది విడదీసి చూస్తే తప్ప వన్‌వే కారు రేటు ఎలా పుడుతుందో అర్థం కాదు.

వన్‌వే అన్నది ఎక్కేవాళ్ల మాట. డ్రైవర్లూ, ట్రావెల్స్ వాళ్లూ దాన్ని ‘డ్రాపింగ్’ అంటారు. దించేశాక ఎక్కినవాళ్ల ప్రయాణం పూర్తవుతుంది, బండి ప్రయాణం మాత్రం సగంలోనే ఉంటుంది. డ్రైవర్ ఇల్లు హైదరాబాద్‌లోనే, ఓనరు కిస్తీ కట్టేదీ అక్కడే, మర్నాడు పొద్దున డ్యూటీ ఉండేదీ అక్కడే. కాబట్టి బండి వెనక్కి వచ్చి తీరాలి. ఆ రెండో సగం ఖాళీగా వస్తుందా, ఎవరినైనా ఎక్కించుకుని వస్తుందా అన్న ఒక్క విషయం మీదే మొదటి సగం రేటు నడుస్తుంది.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. లెక్క కోసం కొన్ని రౌండ్ ఫిగర్లు వేసుకుందాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే సెడాన్, లీటరు డీజిల్ 100 రూపాయలు అనుకుంటే, పోనూ రానూ 550 కిలోమీటర్లకు 2,750 రూపాయలు. టోల్ రెండువైపులా కలిపి 450. డ్రైవర్ కూలి, తిండి 1,000. కిస్తీ, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్ అన్నీ కలిపి కిలోమీటరుకు 3 రూపాయల చొప్పున 1,650. మొత్తం 5,850. ఇందులో ఎవరి లాభమూ లేదు, ఏ యాప్ కమీషనూ లేదు.

రిటర్న్ ఎప్పుడూ దొరకదనుకుంటే ఈ 5,850 మొత్తం వెళ్లేటప్పుడు ఎక్కిన మనిషే కట్టాలి. ప్రతిసారీ కచ్చితంగా దొరుకుతుందనుకుంటే ఇద్దరూ పంచుకుంటారు, చెరి 2,925. రెండుసార్లలో ఒకసారి దొరుకుతుందనుకుందాం. రెండు రౌండ్లకు ఖర్చు 11,700, ఎక్కిన పార్టీలు మూడు, ఒక్కో కిరాయి 3,900. అంటే అదే రోడ్డు మీద, అదే బండికి, డ్రైవర్ రూపాయి కూడా ఎక్కువ ఆశించకపోయినా రేటు 2,925 నుంచి 5,850 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నిర్ణయించేది రిటర్న్ మీద అతనికున్న నమ్మకం. యాప్‌లో కనిపించే వన్‌వే రేటంటే ఆ నమ్మకానికి ఎవరో కట్టిన ధరే.

పాత ట్రావెల్స్ పద్ధతిలో ఈ జూదం లేదు. ‘అప్ అండ్ డౌన్ ఇవ్వాలి సార్’ అనేవారు, అంతే. మనిషి ఒకవైపే వెళ్లినా కిలోమీటర్లు రెండువైపులా లెక్క, పైన రోజుకు ఇంత డ్రైవర్ బత్తా. పైగా రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లకు తక్కువ తిరిగినా అంతకీ డబ్బులు కట్టాల్సిందే. రిటర్న్ ఖాళీ అన్నది కస్టమర్ ఖర్చు. దారిలో సూర్యాపేట దగ్గర ఎవరినైనా ఎక్కించుకుంటే ఆ డబ్బులు డ్రైవర్ జేబులోకి. అదీ ఓనరుకి చెప్పకుండా. ఒకే ఖాళీ సీటుకు రెండుసార్లు డబ్బులు వసూలయ్యే ఆ ఏర్పాటు చాలా ఏళ్లు నడిచింది. దాని మీద ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉన్నట్టు కూడా కనిపించలేదు.

యాప్‌లు వచ్చాక మారింది ఇదే. ఒక ట్రావెల్స్ ఆఫీసుకు తన పది బండ్లలో ఏది ఎప్పుడు విజయవాడలో ఖాళీ అవుతుందో తెలుస్తుంది గానీ, ఆ టైముకి అక్కడ ఎవరు హైదరాబాద్ వెళ్లాలనుకుంటున్నారో తెలియదు. వేల బుకింగులు ఒకచోట చేరితే ఆ రెండో సంగతి కూడా తెలుస్తుంది. దాంతో ఓలా, ఊబర్, సవారీ లాంటివాళ్లు వన్‌వేకి విడిగా రేటు పెట్టగలిగారు. లారీల వాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ ఓనరునడిగినా రిటర్న్ లోడు లేకుండా బండి కదిలితే ఆ ట్రిప్పు నష్టమేనంటాడు. మనుషులను మోసే బండ్లకు ఆ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది, అంతే తేడా.

అయితే యాప్‌తో సమానంగా నడుస్తున్న మార్కెట్ ఇంకోటుంది. అది డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులు. ‘రాత్రి 9కి బెంజ్ సర్కిల్‌లో ఖాళీ, ఎర్టిగా, హైదరాబాద్ రిటర్న్ కావాలి’ అని మెసేజ్ పడుతుంది. ఇంకెవరి దగ్గరో ఆ టైముకి పార్టీ ఉంటుంది. అతను డ్యూటీ అప్పగిస్తాడు, తన కమీషన్ ఫోన్‌పేలో ముందే తీసుకుంటాడు. కస్టమర్ మాట్లాడుకున్నది ఒకరితో, ఎక్కించుకునేది ఇంకొకరు. యాప్‌లో బుక్ చేసినా చాలాసార్లు బండి నంబరు బయలుదేరే గంటా రెండు గంటల ముందు దాకా రాకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. ముందు ట్రిప్పు అమ్మేస్తారు, ఆ వైపు రిటర్న్ వెళ్లాల్సిన బండిని తర్వాత వెతుకుతారు. దొరికితే అందరికీ లాభం. దొరకకపోతే ఆఖరి నిమిషంలో ‘బండి బ్రేక్‌డౌన్ అయింది సార్’ అని ఫోన్ వస్తుంది. బ్రేక్‌డౌన్ అయింది బండి కాదు, రిటర్న్ లెక్క.

ఈ లెక్క ఊరిని బట్టి మారిపోతుంది. హైదరాబాద్–విజయవాడ, విజయవాడ–విశాఖ, తిరుపతి–చెన్నై లాంటి జంటల మధ్య రెండువైపులా జనం ఉంటారు కాబట్టి వన్‌వే చవక. అదే హైదరాబాద్ నుంచి అవనిగడ్డకో, దాని అవతల పల్లెకో అడిగి చూడండి. ‘విజయవాడ వరకైతే వస్తాను, లోపలికైతే అప్ అండ్ డౌన్ ఇవ్వాలి’ అంటాడు. ‘లోపలికి’ అన్న ఆ మాటలోనే ధరల పట్టిక మొత్తం ఉంది. హైవే మీద ఉన్న ఊరు బయట, హైవే దిగి వెళ్లాల్సినది లోపల. బయట దించితే పది నిమిషాల్లో ఇంకో పార్టీ దొరకొచ్చు. లోపల దించితే మళ్లీ హైవే ఎక్కేదాకా దొరికేది గాలే. అందుకే మచిలీపట్నం వెళ్లాల్సినవాళ్లు విజయవాడ దాకా కారులో వచ్చి, మిగతా 70 కిలోమీటర్లకు బస్సో, లోకల్ కారో చూసుకుంటే చాలాసార్లు కిరాయి కలిసొస్తుంది. సామాను, ముసలివాళ్లు, అర్ధరాత్రి లాంటివి లేకపోతేనే సుమా.

అన్ని రూట్లలోకీ ఆసక్తికరమైనది శంషాబాద్ ఎయిర్‌పోర్టు రూటు. 2008లో ఈ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ గుంటూరు, విజయవాడ, ఖమ్మం వైపు నుంచి అమెరికా వెళ్లేవాళ్లను దింపడానికీ, వచ్చేవాళ్లను తేవడానికీ బండ్లు ఆగకుండా తిరుగుతున్నాయి. ఇక్కడ రద్దీకి క్యాలెండర్ ఉంది. జులై చివర, ఆగస్టు నెలల్లో ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల వల్ల కార్లు శంషాబాద్ వైపు నిండుగా వెళ్తాయి. డిసెంబర్‌లో సెలవులకు వచ్చే కుటుంబాల వల్ల అటు నుంచి నిండుగా వస్తాయి. ఆగస్టులో ఇంకో చిత్రం. పిల్లాడిని దింపడానికి అమ్మా నాన్నా, తాతయ్య, బాబాయి అందరూ వస్తారు. దించాక బండి ఖాళీ కాదు, ఒక్క మనిషి, రెండు సూట్‌కేసులు మాత్రమే తగ్గుతాయి. కాబట్టి వన్‌వే అడిగేవాళ్లు తక్కువ, అప్ అండ్ డౌన్ ఎక్కువ. వన్‌వే మార్కెట్‌కు ఎయిర్‌పోర్టులో పని పడేది డిసెంబర్ రాకపోకల్లోనే.

ఆ డిసెంబర్ రాత్రి టెర్మినల్ బయట పార్కింగ్‌లో కనిపించే గొడవ ఒకటుంది. అమెరికా నుంచి వచ్చిన కుటుంబం, నలుగురు. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, అంటే ఎనిమిది, ఇవి కాక చేతి సంచులు. యాప్‌లో ‘సెడాన్, 4 సీట్లు’ అని చూసి బుక్ చేసుకున్నారు. వచ్చింది సీఎన్‌జీ డిజైర్. డ్రైవర్ డిక్కీ ఎత్తితే అందులో సగం సిలిండరే, మిగిలిన చోట రెండు పెట్టెలు పడతాయి. డిక్కీ మూత ఎత్తినప్పుడు ఆ ఇంటాయన మొహం చూడాలి. తప్పు ఎవరిదీ కాదు. వన్‌వే రేటు అంత తక్కువగా ఉండటానికి కారణాల్లో ఆ సిలిండర్ కూడా ఒకటి. చవక బండి అంటే చాలామటుకు సీఎన్‌జీ బండి. పెట్టెలున్న ప్రయాణానికి బండి మోడల్ ఏమిటి, గ్యాసా డీజిలా, పైన క్యారియర్ ఉందా అని ఫోన్‌లో అడిగి ఖాయం చేసుకోవడం రేటు కంటే ముఖ్యం.

ఇప్పుడు మళ్లీ సంక్రాంతి. పండగ ముందు హైదరాబాద్ నుంచి వెళ్లే బండికి రిటర్న్ దొరికే అవకాశం దాదాపు సున్నా. అంటే పైన వేసిన లెక్కలో 5,850 అన్నది లాభం లేని రేటు. అంతవరకు దోపిడీ అనడానికి లేదు. పంతంగి టోల్ ప్లాజా దగ్గర గంటల తరబడి ఆగిపోతే రోజుకు ఒక్క ట్రిప్పుకు మించి కాదు, దానికి ఇంకొంత కలుపుకోవచ్చు. ఆ పైన అడిగేదంతా జనం అవసరం చూసి అడిగేది. అటు నుంచి వచ్చేటప్పుడు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఎలాగూ రావాల్సిన బండి, ఎలాగూ కాలే డీజిల్. వెయ్యి రూపాయలు ఇచ్చినా అది దొరికిన డబ్బే. అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర బేరం అక్కర్లేదు. పండగ అయ్యాక వచ్చే ఆదివారం ఇదే కథ అటు నుంచి ఇటు నడుస్తుంది.

ఈ ఖాళీ రిటర్న్ ఖర్చును ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం ఉంది. పండగ స్పెషల్ బస్సుల్లో టికెట్‌ను ఒకటిన్నర రెట్ల దాకా పెంచుకోవచ్చని 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 16వ నంబరు జీవో వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సులు ఖాళీగా వస్తాయి కాబట్టి కనీసం డీజిల్ ఖర్చు రావాలన్నది దాని వాదన. తెలంగాణ ఆర్టీసీ మీద పండగ ఛార్జీల విమర్శ వచ్చిన ప్రతిసారీ సంస్థ చూపించేది ఆ జీవోనే. ఏపీఎస్ఆర్టీసీ 2023 సంక్రాంతికి వేరే దారి పట్టింది. స్పెషల్ బస్సులకు అదనపు ఛార్జీ లేదని చెప్పి, రానూ పోనూ టికెట్లు ఒకేసారి తీసుకుంటే 10 శాతం రాయితీ ఇచ్చింది. ఒకరు ఖాళీ రిటర్న్ ఖర్చును వెళ్లేవాడి మీద వేస్తే, ఇంకొకరు ఆ రిటర్న్ సీటును ముందే అమ్ముకునే ప్రయత్నం చేశారు. వ్యాపారం కోణంలో రెండోదే తెలివైన పని. కారు యాప్‌ల విషయంలో కేంద్రం 2020 మార్గదర్శకాల్లో రద్దీ వేళ ఒకటిన్నర రెట్ల వరకే అని గీత గీసింది, 2025 జులైలో దాన్ని రెండు రెట్లకు జరిపింది. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డ్యూటీలకు ఈ గీతలేవీ పట్టవు.

టోల్‌లో కూడా రిటర్న్‌కు ఒక లెక్క ఉంది, దీన్ని చాలామంది గమనించరు. జాతీయ రహదారుల మీద 24 గంటల లోపు తిరిగొస్తే రెండువైపులా కలిపి ఒకటిన్నర టోల్ మాత్రమే పడుతుంది. ఫాస్టాగ్‌లో అది దానంతటదే సర్దుకుంటుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాలు మూడూ దాటి వెళ్లిన డ్రైవర్ విజయవాడలో మంచి పార్టీ కోసం మర్నాటి దాకా ఆగితే ఈ సగం రాయితీ పోతుంది. పోతే పోయేది వంద రూపాయల పైచిలుకే అయినా, అర్ధరాత్రి దించిన బండి తెల్లారకముందే వెనక్కి బయలుదేరడానికి ఉన్న పది కారణాల్లో ఇదొకటి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాసు సొంత కార్లకే. పసుపు బోర్డు బండ్లకు లేదు.

పసుపు బోర్డు, తెల్ల బోర్డు తేడా దగ్గర కాస్త ఆగాలి. పండగ రోజుల్లో ఎల్బీ నగర్‌లో తెల్ల బోర్డు కార్లు కూడా పార్టీలను ఎక్కించుకుంటాయి. ఎవరి సొంత కారో ఊరు వెళ్తుంటుంది, నాలుగు సీట్లు ఖాళీ. రిటర్న్ ఖర్చు అనే మాటే లేదు కాబట్టి రేటు తక్కువ. కానీ పర్మిట్ లేని బండి కిరాయికి తిరగడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. అంతకంటే ముఖ్యం, సొంత కారుకు తీసుకునే ఇన్సూరెన్స్ పాలసీ కిరాయికి తిప్పినప్పుడు వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. అంతా బాగున్నంతసేపు చవకే. చిట్యాల దగ్గర ముందు లారీ సడన్ బ్రేక్ వేసిన రోజు ఆ రెండు మూడు వందల ఆదా గుర్తుకు కూడా రాదు.

పర్మిట్లదీ ఒక చరిత్రే. 2014 జూన్ 2 దాకా హైదరాబాద్–విజయవాడ ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్లు. విడిపోయాక 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ఏపీ రవాణా వాహనాలకు పన్ను మొదలుపెట్టింది. నిన్నటిదాకా ఇంటి దారి అనుకున్న రోడ్డు మీద, కోదాడ దగ్గర ఏపీ బండ్ల డ్రైవర్లకు కొత్త ఖర్చు తగిలింది. వన్‌వే ట్రిప్పుకి ఇలాంటి పన్ను మరీ బరువు, ఎందుకంటే పంచుకోవడానికి రెండో కిరాయి ఉంటుందన్న గ్యారంటీ లేదు. కేంద్రం తెచ్చిన ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ నిబంధనలు, మొదట 2021లో, తర్వాత 2023లో మార్చినవి, ఒకేసారి ఫీజు కట్టిన బండి రాష్ట్రాల మధ్య తిరిగే వీలు కల్పించాయి. యాప్‌లో ‘స్టేట్ ట్యాక్స్ అదనం’ అని కనిపిస్తే బండికి ఆ పర్మిట్ ఉందా అని అడగడం అందుకే న్యాయం.

ఇక డ్రైవర్ లేకుండా కారు తీసుకుని ఒక ఊళ్లో ఎక్కి ఇంకో ఊళ్లో అప్పగించడం. పైకి ఇదే చవకగా ఉండాలనిపిస్తుంది, డ్రైవర్ కూలి లేదు కదా. జరిగేది దానికి తలకిందులు. టాక్సీలో రిటర్న్ తోలే మనిషి బండిలోనే ఉన్నాడు. సెల్ఫ్ డ్రైవ్‌లో కారును విజయవాడలో వదిలేస్తే, దాన్ని తేవడానికి ఒక మనిషిని బస్సెక్కించి పంపాలి, వచ్చేటప్పుడు డీజిల్, టోల్ ఎలాగూ తప్పవు. పైగా మన దగ్గర సెల్ఫ్ డ్రైవ్ బండ్లు చట్టప్రకారం నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలతో తిరగాలి. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీమ్ కింద లైసెన్సు రావాలంటే కనీసం 50 బండ్లు ఉండాలి. 2013లో బెంగళూరులో మొదలైన జూమ్‌కార్ ఆ తర్వాత సొంత బండ్ల నుంచి ఇతరుల కార్లను అద్దెకిప్పించే పద్ధతికి మారింది. కూకట్‌పల్లిలో ఎవరి ఇంటి ముందో ఉండే కారు అది. విజయవాడలో వదిలేస్తానంటే ఆయన ఒప్పుకుంటాడా? సెల్ఫ్ డ్రైవ్ వన్‌వే మన దగ్గర ఎక్కడా పెద్దగా నిలదొక్కుకోకపోవడానికి కారణం జనానికి డ్రైవింగ్ రాక కాదు, కారుకు రెండో ఊళ్లో ఇల్లు లేక.

అమెరికాలో ఆ ఇల్లు ఉంటుంది. పెద్ద రెంటల్ కంపెనీలకు ఊరూరా బ్రాంచీలు, కారు ఎక్కడ దిగితే అక్కడి నుంచే ఇంకొకరికి వెళ్తుంది. అయినా వన్‌వే ఫీజు తప్పదు, డ్రాప్ ఛార్జీ అంటారు. షికాగోలో ఎమ్మెస్ పూర్తిచేసి డాలస్‌లో ఉద్యోగం వచ్చిన కుర్రాడు సుమారు 1,500 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి కారు వెతికితే, రోజు అద్దె కంటే డ్రాప్ ఛార్జీయే ఎక్కువగా కనిపించవచ్చు. వయసు 25 దాటకపోతే అదొక అదనపు ఫీజు, వెరసి తడిసి మోపెడు. అక్కడ కూడా దిశను బట్టే ధర. చలికాలం ఫ్లోరిడాలో గడిపినవాళ్లు వసంతంలో ఉత్తరాదికి వెళ్తారు, కార్లు మాత్రం అక్కడే పోగుపడతాయి. అప్పుడు ఫ్లోరిడా నుంచి బయటికి తోలుకెళ్తే చాలని కంపెనీలు రేట్లు బాగా తగ్గిస్తాయి. లాస్ ఏంజెలెస్–శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య రెండువైపులా రద్దీ సమానం కాబట్టి డ్రాప్ ఛార్జీ తరచూ తక్కువే. ఇంటి సామాను ట్రక్కుల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌కు యూ-హాల్ ట్రక్కు అద్దె ఒకటి, అదే ట్రక్కు టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకు అయితే అందులో కొద్ది వంతు. అందరూ ఎటు తరలిపోతున్నారో జనాభా లెక్కల కంటే ముందు ట్రక్కు అద్దెలే చెప్పేశాయి.

న్యూజిలాండ్ వాళ్లు దీన్ని చివరిదాకా తీసుకెళ్లారు. పర్యాటకులు ఎక్కువగా ఆక్లండ్‌లో దిగి, క్యాంపర్ వ్యాన్ తోలుకుంటూ దక్షిణానికి వెళ్లి, క్రైస్ట్‌చర్చ్‌లోనో క్వీన్స్‌టౌన్‌లోనో విమానం ఎక్కేస్తారు. వ్యాన్లు దక్షిణంలో మిగిలిపోతాయి. వాటిని ఆక్లండ్‌కు తెచ్చి అప్పగించేవారికి రోజుకు ఒక్క డాలరుకు కూడా ఇస్తుంటారు, కాకపోతే ఇన్ని రోజుల్లో చేర్చాలన్న గడువు ఉంటుంది. మన బెంజ్ సర్కిల్ డ్రైవర్ బేరమాడకుండా ఎక్కించుకోవడం, ఈ ఒక్క డాలరు వ్యాన్ రెండూ ఒకటే పని.

మన రోడ్డు మీద వన్‌వే బుక్ చేసేటప్పుడు జనం ఎక్కువగా దెబ్బతినేది కిలోమీటర్ల దగ్గర. యాప్‌లో రాసేది ఊరికీ ఊరికీ మధ్య దూరం. హైదరాబాద్ అంటే ఎక్కడ? మియాపూర్‌లో ఎక్కితే ఎల్బీ నగర్ చేరడానికే సుమారు 30 కిలోమీటర్లు. ఔటర్ రింగు రోడ్డు మీదుగా వెళ్తే అక్కడి టోల్ వేరే. దిగాక పటమట సందుల్లో మామయ్య వాళ్లింటికి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి అంటే ప్రతి కిలోమీటరూ అదనపు రేటు. బుక్ చేసేటప్పుడే ఎక్కే చోటు, దిగే చోటు ఇంటి నంబరుతో సహా పెట్టి, టోల్, పర్మిట్, రాత్రి ఛార్జీ రేటులో ఉన్నాయో లేదో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, దిగే దగ్గర టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. యాప్‌లో క్యాన్సిల్ చేయండి, నేనే తక్కువకు తెస్తాను అనే డ్రైవర్ ఉంటాడు. కమీషన్ మిగులుతుంది కాబట్టి అతను చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. కాకపోతే దారిలో ఏదైనా జరిగితే ఫలానా మనిషి ఫలానా బండిలో ఉన్నాడని చెప్పే రికార్డు కూడా ఆ క్యాన్సిల్‌తోనే పోతుంది.

లెక్కలో ఇంకో పద్దు మిగిలింది. రిటర్న్ దొరకనప్పుడు, కస్టమర్ కూడా ఎక్కువ ఇవ్వనప్పుడు ఆ ఖాళీ 275 కిలోమీటర్లను భరించేది చాలాసార్లు డ్రైవర్ నిద్రే. రాత్రి 10కి మియాపూర్‌లో ఎక్కించుకుని, 3 గంటలకు పటమటలో దించి, గంట కూడా ఆగకుండా వెనక్కి తిప్పితే పొద్దున 9 గంటల ఆఫీసు డ్యూటీ అందుతుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచి, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, రోజుకు 8 గంటల పని అంటూ వచ్చింది. కానీ అది వర్తించింది ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు. సొంత బండి తోలుకునేవాడికి తానే ఓనరు, తానే కార్మికుడు. తెల్లవారుజామున సూర్యాపేట దాటాక రోడ్డు పక్క హోటళ్ల ముందు అద్దాలు కాస్త దించి, సీటు వెనక్కి వాల్చి పడుకున్న డ్రైవర్లతో పసుపు బోర్డు కార్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు హైదరాబాద్ వైపు మొహం పెట్టి ఉంటాయి, వెనక సీట్లు ఖాళీగా ఉంటాయి.